ఉప్పు ఊరే గది

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఉన్నది ఏడుగురు. నడింట్లో మంచం మీద, పెళ్ళిళ్ళకు తప్ప పెట్టెలోంచి బయటికి రాని బరంపురం పట్టుచీర కట్టుకుని అమ్మమ్మ కూర్మమ్మ. ఆమెకు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో పసుపుపచ్చ ఫైలు పెట్టుకుని, బరంపురం నుంచి వచ్చిన పాణిగ్రాహి వకీలు. కిటికీ పక్క స్టూలు మీద, కంటి ఆపరేషనై ఇంకా పది రోజులు కాని రామం మాస్టారు, నల్లకళ్ళద్దాలతో. గుమ్మం పక్కన పీట మీద పక్కింటి నాగవల్లి. ఈ ఇద్దరూ అమ్మమ్మ రాయించే వీలునామాకు సాక్షులు. గోడకు ఆనుకుని నిలబడ్డ లోకనాథ్ మావయ్య, అమ్మమ్మకు ఒక్కగానొక్క కొడుకు, హల్దియాపదర్ నుంచి పొద్దున్నే బండి మీద వచ్చాడు. అతని వెనక టీ గ్లాసుల పళ్ళెంతో అరుణత్త. ఇక రింకి. ఎవరు లెక్కపెట్టినా ఆఖర్న గుర్తొచ్చే మనిషి. తను లెక్కపెట్టుకున్నా ఆఖర్నే పెట్టుకుంటుంది. మొన్ననే పదో తరగతి పరీక్షలు రాసింది. అమ్మమ్మకు సొంత మనవరాలు కాదు, చెల్లెలు సత్యవతి కూతురికి కూతురు. ఆ వీధిలో ఒడియా ఇళ్ళకున్న అలవాటే తెలుగిళ్ళకూ పట్టింది, పిలవడానికొక పేరు, బడిలో రాయించడానికొక పేరు. రింకి అన్నది పిలిచే పేరు. బడి పేరు హాజరు వేసేటప్పుడు తప్ప ఎక్కడా వినపడేది కాదు, పరీక్షలయ్యాక అదీ లేదు.

వకీలు ఫైలు తాడు విప్పకముందే ఒక మాట చెప్పాడు. ఒడియాలో, బస్సు కండక్టరు చిల్లర అడిగినంత మామూలుగా. ఈ కాగితాల్లో ఎవరి పేర్లున్నాయో వాళ్ళు గదిలో ఉండకూడదు, బయట అరుగు మీద కూర్చోవాలి. రేపు ఎవరైనా కోర్టుకెళ్ళి, పక్కన కూర్చుని ముసలామె చేత రాయించుకున్నారని అంటే, కాదని చెప్పడానికి ఈ మూసిన తలుపే ఆధారం.

“నాను కన్నకొడుకుని కదా సారూ,” అన్నాడు మావయ్య నవ్వుతూ.

“అందుకే,” అన్నాడు వకీలు.

“మరి నా రుబ్బురోలు నాగవల్లికని రాయించేను కదా బాబూ,” అంది అమ్మమ్మ. “దాన్నీ ఎల్లిపొమ్మంటావేటి?”

వకీలు పెన్ను దించాడు. ఏదైనా అందుకునే మనిషి సాక్షి సంతకం పెడితే, సంతకం నిలుస్తుంది కానీ ఆ అందేది పోతుంది అన్నాడు. అమ్మమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

“అయితే ఆ రాత కొట్టీ. ఒసే నాగవల్లీ, రోలు ఇప్పుడే అట్టుకుపో.”

“ఇప్పుడా పిన్నీ? నలుగురు మొయ్యాలి దాన్ని.”

“దొర్లించుకుపో. నానిచ్చీసేను, ఇక అది నీది. రేపట్నించి నానే నీ ఇంటికొచ్చి రుబ్బుకుంటాను.”

“పట్టుసీర కట్టుకొచ్చి రుబ్బుతావా పెళ్ళికూతురా?”

“మరేటే, వీలునామా అంటే మనిషి ఒక్కసారి రాసీది.”

కాదు మావుసీ, ఎన్నిసార్లైనా రాయొచ్చు, ఆఖరిదే చెల్లుతుంది అన్నాడు వకీలు, ఒడియాలో పిన్నిని పిలిచినట్టు. అమ్మమ్మ చీరకేసి చూసుకుని, “అయితే పెట్టెలో పెట్టకుండా బయటే ఉంచాల దీన్ని,” అంది. రామం మాస్టారు నల్లకళ్ళద్దాల వెనక నవ్వారు. మావయ్యా అరుణత్తా బయటికి వెళ్ళారు. వకీలు లేచి తలుపు వెయ్యబోయాడు, అది నేలకు పట్టేసి కదల్లేదు. ఆ తలుపు సంగతి ఇంట్లోవాళ్ళకే తెలుసు, మోకాలితో కాస్త పైకెత్తి తొయ్యాలి. రింకి వెళ్ళి ఎత్తి మూసింది. తిరిగి చూసేసరికి వకీలు తననే చూస్తున్నాడు.

“ఈ అమ్మాయి?”

“రింకి. మా గుంటే. ఒడియా కాయితం దీని నోటంట ఇంటే గానీ నా బుర్రకెక్కదు.”

వకీలు కాగితాలు ఒక్కొక్కటీ వేలితో తడుముతూ తిరగేశాడు. “రింకి అన్న పేరు ఎక్కడా లేదు,” అన్నాడు. “ఉండొచ్చు.”

ఉండొచ్చు. ఆ మాట రింకి చెవిలో పడి అక్కడే కూర్చుంది. ఉండొచ్చంటే ఉండమనే కదా, మంచి మాటే కదా, మరి పొమ్మన్నట్టు ఎందుకు వినపడాలి, మావయ్యను పొమ్మన్నారు, అత్తను పొమ్మన్నారు, పోయినవాళ్ళకు ఏదో ఒకటి ఉంది, ఉన్నవాళ్ళు మాస్టారూ నాగవల్లక్కా తనూ, వాళ్ళిద్దరూ సంతకం పెట్టి తమ ఇళ్ళకు వెళ్ళిపోతారు, తను మాత్రం ఎక్కడికి. పేరు లేదని కొత్తగా తెలియడమేమిటి, తనే కదా రాసింది. నెల రోజుల కిందట, వరసగా నాలుగు మధ్యాహ్నాలు, అమ్మమ్మ ఒక్కొక్కటే చెబుతుంటే డైరీ వెనక పేజీల్లో తెలుగులో రాసుకుంది. వీధి గది, రెండు నడిమి గదులు, వంటిల్లు లోకనాథ్‌కి. పొలం లోకనాథ్‌కి. ఇత్తడి బిందెలు, గుండిగ అరుణకి. గాజుల జత మనవరాలికి, అంటే మావయ్య కూతురికి. రుబ్బురోలు నాగవల్లికి. వరసగా గదులన్నీ చెప్పుకుంటూ వచ్చి, తూర్పు గది దగ్గరికి రాబోయి అమ్మమ్మ ఆగింది. దాహమేస్తోంది, మంచినీళ్ళు తే అంది. నీళ్ళు తాగాక పొలం మొదలుపెట్టింది. రింకి పెన్ను పట్టుకుని, ఇప్పుడు గుర్తొస్తుందేమో, ఇప్పుడు గుర్తొస్తుందేమో అని చూసింది. రాలేదు. ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే రాసింది. అమ్మమ్మ తూర్పు గది మరిచిపోయింది.

గుర్తు చెయ్యొచ్చు కదా. ఎవరైనా చేస్తారు. నాగవల్లక్కైతే, ఒలమ్మ పిన్నీ గదొకటి ఇడిసిపెట్టీసేవని వీధంతా వినపడేట్టు అరిచేది. కానీ ఆ గదిలో పడుకునేది తను. ఆ గది సంగతేమిటి అమ్మమ్మా అని తను అడిగితే, నాకేమిటి అమ్మమ్మా అని అడిగినట్టే ఉంటుంది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది, అన్నం పెట్టేటప్పుడొకసారి, జడ వేసేటప్పుడొకసారి. తరగతిలో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తని పిల్ల, ఇంట్లో మాత్రం ఎలా ఎత్తుతుంది.

వకీలు గొంతు సవరించుకుని మొదటి కాగితం చదివాడు. అది ముఖ్తారునామా. అమ్మమ్మ తరఫున బ్యాంకుకీ పెన్షను ఆఫీసుకీ లోకనాథ్ వెళ్ళొచ్చు, సంతకం పెట్టొచ్చు. రింకి దాన్ని తెలుగులో చెప్పింది. తన గొంతు తనకే పరాయిగా వినపడింది, సన్నగా, బడిలో ప్రార్థన చదివినట్టు. “నా కాలు కదిలినన్నాల్లు నానే ఎల్తాను, ఆడు కాదు, అది రాసేరా?” అని అమ్మమ్మ అడిగింది. రాశారు. సంతకం పెట్టింది, కూ అన్న అక్షరానికి కొమ్ము కాస్త పొడుగ్గా లాగి. ఆ పొడుగు కొమ్ము రింకి నేర్పినదే. కరోనాకు బడులు మూసినప్పుడు తనకు పదేళ్ళు, చెయ్యడానికేమీ లేక అమ్మమ్మకు అక్షరాలు నేర్పింది. పలక కూడా అక్కర్లేకపోయింది. తూర్పు గది గోడలకు ఉప్పు ఊరుతుంది. తాతయ్య ఉన్నప్పుడు అది ఉప్పు బస్తాల కొట్టు, ఆయన పోయి ఇన్నేళ్ళయినా గోడ లోపలికి దిగిన ఉప్పు వానాకాలం వస్తే చెమటలా బయటికొస్తుంది, ఎండితే తెల్లగా పూత కడుతుంది. సున్నం నిలవదు, బట్టలు తగిలిస్తే మరకలు పడతాయి, డైరీ అట్ట ఉబ్బిపోతుంది. ఆ పూత మీద వేలితో క అని రాస్తే చక్కగా క అని పడేది. అమ్మమ్మ పక్కన నిలబడి రాసేది, తప్పుపోతే అరచేత్తో తుడిచి, ఆ చెయ్యి నాలుకకు రాసుకుని, “సదువు ఇంత ఉప్పగుంటాదని నాకెవలూ సెప్పలేదే,” అనేది. తనకు తెలుగు నేర్పింది రామం మాస్టారు, తమ అరుగు మీద, సాయంత్రాలు, వీధిలో తెలుగు పిల్లలందరికీ, బడంతా ఒడియానే. మాస్టారి కళ్ళు బాగుంటే ఈ కాగితాలు ఆయనే చదివేవారేమో, తను వంటింట్లో ఉండేదేమో, ఉండొచ్చు అన్న మాట వినే పనే ఉండేది కాదేమో.

రెండో కాగితం చిన్నది. ఒక్కటే పేజీ. వకీలు అది చదివేటప్పుడు గొంతు తగ్గించాడు. రింకి ఒడియా అక్షరాల వెంట కళ్ళు పరిగెత్తించి సగంలోనే ఆగిపోయింది. జబ్బు బాగా ముదిరి, ఇక తేరుకునే ఆశ లేదని డాక్టర్లు చెబితే, ఊపిరి కోసం యంత్రాలు పెట్టవద్దు, గొంతులో గొట్టాలు వెయ్యవద్దు, అప్పుడు మాట నా కొడుకుది. అందులో కొన్ని మాటలకు తెలుగు ఏమంటారో రింకికి తెలియలేదు. తెలిసిన మాటలు అంతకన్నా కష్టంగా ఉన్నాయి. ఊపిరి మిషను, అంది. ఊపిరి మిషను పెట్టొద్దని. అంతవరకే అనగలిగింది. అమ్మ సూరత్‌లో ఆసుపత్రిలో అలాంటి మిషను కిందే ఉందని ఫోన్లో నాన్న చెప్పినప్పుడు తనకు ఏడేళ్ళు, మిషను అంటే నాన్న పనిచేసే మగ్గం మిల్లులో మిషను అనుకుంది, అమ్మకు కూడా మిల్లులో పని దొరికిందనుకుంది, ఎప్పుడొస్తుంది అని అడిగింది, నాన్న ఫోను పెట్టేశాడు. తరవాత చాలా ఏళ్ళకు అర్థమైంది, నాన్న కోపంతో పెట్టెయ్యలేదు, ఏడుపు వినపడకుండా పెట్టేశాడు. నాన్న చెడ్డవాడు కాదు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, అదే ఇబ్బంది, ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేకుండా ఉంది.

“ఏటే, ఆగిపోయేవు?” అంది అమ్మమ్మ. వకీలుకేసి కాదు, తనకేసి చూస్తోంది. “సెప్పు. ఆ గొట్టాలూ గిట్టాలూ వొద్దని నానే రాయించేను. మన అవతలింటి కామేశ్వరమ్మను సూసేను కదా, ఇరవై దినాలు బరంపురంలో మంచానికి కట్టీసినట్టు. వొద్దు నాకది. నువ్వు సెప్తే నానింటాను, అంతే గానీ నువ్వు సెప్పినంత మాత్రాన నానిప్పుడే పోతానేటి?”

రింకి చెప్పింది. చివరిదాకా చెప్పింది. నాగవల్లి చీరచెంగుతో ముక్కు తుడుచుకుంది. అమ్మమ్మ మాత్రం కూ అక్షరం కొమ్ము మునుపటికన్నా పొడుగ్గా లాగింది.

మూడోది వీలునామా, నాలుగు పేజీలు. వకీలు మొదటి పేజీ తీసి, మిగతా మూడూ అరచెయ్యి కింద పెట్టుకున్నాడు, ఫ్యాను గాలికి ఎగరకుండా. ముందు ఇంటి హద్దులు. పడమర వీధి. దక్షిణం సందు. ఉత్తరం కీర్తిశేషులు కామేశ్వరమ్మ ఇల్లు. రింకి నోరు చెప్పుకుపోతోంది, నోటితో పని లేకుండా మనసు ఎటో పోతోంది. కామేశ్వరమ్మ ఇంటికి రెండు తాళాలు. ఒకటి పెద్దకొడుకుది, ఒకటి చిన్నకొడుకుది. ఆమె ఏ కాగితమూ రాయకుండా పోయింది, పదకొండు నెలలయింది, ఒకడు తీస్తే రెండోవాడు తియ్యడు, లోపల ఆరేసిన చీర దండెం మీద అలాగే ఉంది, కిటికీ చెక్క సందులోంచి కనిపిస్తుంది, ఆకుపచ్చ చీర. అమ్మమ్మ రోజూ వాకిలి ఊడ్చేటప్పుడు ఆ తాళాలు చూసేది. ఒకరోజు చీపురు పక్కన పడేసి, “బరంపురం బస్సు ఎన్నింటికే?” అంది. అలా వెళ్ళారు వకీలు దగ్గరికి, తన డైరీ సంచిలో వేసుకుని. ఆఫీసు మెట్ల దగ్గర అమ్మమ్మ ఆగి, డైరీ తీసుకుని, డబ్బులు చేతిలో పెట్టి, బొడొ బజారుకెళ్ళి అప్పడాలు కొనుక్కురమ్మంది. బజారు అంత దూరం, ఎండ అంత ఎండ, ఇంట్లో అప్పడాల డబ్బా నిండుగా ఉంది. తిరిగొచ్చేసరికి అమ్మమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది, పని అయిపోయింది. లోపలేం మాట్లాడావని తను అడగలేదు. తనను చూసి నోరు కట్టేసుకునే మాటలేవో లోపల జరిగాయని మాత్రం అనుకుంది. వాటి సంగతి అప్పడాల కట్టకు తెలిసినంతే తనకూ తెలుసు.

తూర్పున పెరడు, బావి, ఆపైన ఉప్పుమళ్ళ కాలవ. తూర్పు అన్న మాట దగ్గర రింకి నాలుక తడబడింది. వకీలు తలెత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు. వేసవి కదా, ఈ వేళ మళ్ళలో ఉప్పు గోకుతుంటారు, కుప్పలు కుప్పలుగా పోస్తుంటారు, కళ్ళు చీలిపోయేంత తెలుపు, తూర్పు గది కిటికీ తెరిస్తే ఆ తెలుపు గోడ మీదికి వచ్చి పడుతుంది, మధ్యాహ్నం దీపం లేకుండా డైరీ రాసుకోవచ్చు. ఫైలిన్ తుపాను వచ్చినప్పుడు అందరూ ఆ గదిలోనే తలదాచుకున్నారట. తనకు మూడేళ్ళు, గుర్తుందో, విని విని గుర్తున్నట్టు అనిపిస్తుందో. వీధి గది పెంకులు విస్తరాకుల్లా లేచిపోయాయట, ఆ గదికి తాతయ్య పోయించిన గట్టి కప్పు, గట్టి గోడలు, అమ్మ తనను పొట్టకు కట్టుకుని ఖాళీ బస్తాల మీద కూర్చుందట, అమ్మమ్మ తలుపుకు వీపు ఆన్చి కూర్చుందట. ఆ తుపాను తరవాతే అమ్మ నాన్న దగ్గరికి సూరత్ వెళ్ళింది, పిల్లని ఒక ఏడాది ఉంచు పెద్దమ్మా, నిలదొక్కుకున్నాక తీసుకెళ్తాను అని. ఏడాది పదమూడేళ్ళయింది. గోడకు వీపు ఆన్చి కూర్చుంటే ఇప్పటికీ వెనక చల్లగా ఉంటుంది, అమ్మ వీపు కూడా అక్కడే ఆనిందేమో అనుకుంటుంది, ఇది డైరీలో కూడా రాయలేదు, రాస్తే ఉబ్బిపోయిన అట్ట కింద ఎవరికైనా దొరుకుతుందని.

రెండో పేజీ. వీధి గది, నడిమి గదులు, వంటిల్లు, నా కుమారుడు లోకనాథ్‌కి. కిటికీలోంచి బయట అరుగు మీద మావయ్య గొంతు వినపడుతోంది, అరుణత్తతో ఏదో అంటున్నాడు, నవ్వుతున్నాడు. మావయ్య నవ్వు మంచిది. రింకి పదో తరగతి ఫీజు కట్టిందీ, సైకిలు కొన్నదీ మావయ్యే. కిందటి నెలలో ఒక సాయంత్రం అదే అరుగు మీద అత్తతో అన్నాడు, అమ్మ తరవాత ఇదంతా అమ్మీసి బరంపురంలో అంకులి వైపు ఒక ఇల్లు సూసుకుందుం అని. అత్త, మరి రింకి అంది. ఆల్ల నాన్న తీసుకెల్తాడు కదా, అన్నాడు మావయ్య. కదా. ఆ కదా అనడంలో చెడ్డతనమేమీ లేదు. వాన పడితే గొడుగు తీస్తాం కదా అన్నట్టే అన్నాడు. అయినా ఆ కదా పట్టుకుని ఎన్ని రోజులు తిరిగిందో తను, గోరులో ఇరుక్కున్న పుల్లలాగా. నాన్న కూడా మొన్న ఫోన్లో అన్నాడు, పెద్దమ్మ కాయితాలు రాయిస్తంది కదా, అదయ్యాక నువ్వొచ్చీయమ్మా, ఇక్కడ బట్టల దారాలు కత్తిరించే పనుంది, కూసుని సేసీదే, కట్టం లేదు. వెనకాల ఇద్దరు చిన్నపిల్లలు పోట్లాడుకుంటున్న చప్పుడు, తన తమ్ముళ్ళే, తను ఒక్కసారైనా చూడని తమ్ముళ్ళు, అమ్మ పోయాక నాన్న చేసుకున్నామె ఒడియాలో కసురుతోంది. అక్కడ ఒకటే గది అట. ఆ ఒక్క గదిలో ఐదో మనిషి ఎక్కడ వీపు ఆన్చుకోవాలి. అలాగే నాన్నా, అంది. తనకు వచ్చిన మాట అదొక్కటే, అలాగే. ప్లస్ టూ చదువుతాను నాన్నా అనలేదు, ఇక్కడ ఉంటాను అనలేదు. ఇక్కడ అంటే ఎక్కడ అని అడిగితే చూపించడానికి చెయ్యి ఎటు చాపాలి.

మూడో పేజీ. పొలం, గాజులు, ఇత్తడి, కొట్టేసిన రుబ్బురోలు. తను డైరీలో రాసిన వరసే. వరస అయిపోయింది. తను రాసిందంతా అయిపోయింది, అమ్మమ్మ మూడు పేజీల కిందా కొమ్ము లాగి సంతకం కూడా పెట్టేసింది, తూర్పు గది రానే లేదు. వకీలు అరచెయ్యి కింద నాలుగో పేజీ ఉంది. అందులో చివరి మాటలేవో ఉంటాయి, తేదీ, సాక్షులు, చదివి చెప్పినవాళ్ళు. గది మాట రాయకపోతే రేపు దానికీ రెండు తాళాలు పడతాయా. తనకు రాకపోనీ, రాదు, రావాలని ఎవరన్నారు, కానీ అమ్మమ్మ పట్టుచీర కట్టుకుని రాయించిన కాగితంలో తప్పు ఉండిపోతే, ఆ తప్పు తనకు ముందే తెలిసి నోరు మూసుకుందని ఎప్పుడైనా ఆమెకు తెలిస్తే. ఊపిరి మిషను మాటే చెప్పింది కదా ఈ నోరు. దానికన్నా బరువా ఇది. అడిగినట్టుంటే ఉండనీ. ఆశపడ్డానని నాగవల్లక్క అనుకుంటే అనుకోనీ.

“ఒకటి తప్పిపోయింది,” అంది రింకి. ఒడియాలో అంది. తర్వాత తెలుగులో అంది. గదిలో ఉన్న నలుగురూ, చూడలేని మాస్టారితో సహా, తనవైపు తిరిగారు.

“ఏది మా?” అన్నాడు వకీలు, ఒడియావాళ్ళు ఆడపిల్లలను ముద్దుగా పిలిచే పిలుపుతో.

“తూర్పు గది.”

అమ్మమ్మ పెదవి కొరుక్కుని కిటికీకేసి చూసింది.

“తప్పిపోలేదు,” అన్నాడు వకీలు. “నాలుగో పేజీలో ఉంది. మావుసీ దాన్ని విడిగా చెప్పింది నాకు. అక్కడికే వస్తున్నాం.” అరచెయ్యి తియ్యలేదు. పెన్ను మూత తీశాడు. “ఆ పేజీ చివర, చదివి అర్థం చెప్పినవారి పేరు అని ఉంది. మరిచిపోకముందే అది రాసేస్తాను. ముద్దుపేరు పనికిరాదు. బడి సర్టిఫికెట్‌లో ఉన్న పేరు చెప్పు.”

విడిగా. మరిచిపోలేదు. నెల రోజులు తను మోసిన తప్పు అసలు తప్పే కాదు. మంచినీళ్ళు తెమ్మన్నప్పుడు దాహం వెయ్యలేదు, బొడొ బజారుకు పంపినప్పుడు అప్పడాలు అక్కర్లేదు, తన చేత రాయించకూడని మాట ఒకటి అమ్మమ్మ కడుపులో ఉంది. ఎవరికి. మావయ్యకైతే దాచడమెందుకు, మావయ్యవన్నీ తన చేతే రాయించింది కదా. వకీలు పెన్ను పట్టుకుని చూస్తున్నాడు.

“చెప్పమ్మా,” అన్నారు రామం మాస్టారు. “నీ పేరే కదా అడుగుతున్నారు.”

చెప్పింది. ఎవరికీ వినపడలేదు.

“గట్టిగా.”

“సాయిపద్మ.”

పెన్ను కాగితం మీద ఆనలేదు. వకీలు చెయ్యి పక్కకు తీసి, నాలుగో పేజీ ఎత్తి, దగ్గరగా పెట్టుకుని చూశాడు. కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని, మళ్ళీ చూశాడు. తర్వాత మూసి ఉన్న తలుపుకేసి, తర్వాత అమ్మమ్మకేసి.

“మావుసీ. ఈ అమ్మాయేనా?”

“మరెవలు?” అంది అమ్మమ్మ, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. “ఇందాకటి నించీ ఎదురుగానే ఉంది కదా.”

“నేను మొదటే చెప్పాను కదా. ఎవరి పేరుంటే వాళ్ళు...”

“వాటాదార్లని అనుకున్నాను బాబూ. కొడుకూ, కోడలూ. ఇదేటి వాటాదారు, ఇది ఎప్పట్నించో ఆ గ...”

“చెప్పకు మావుసీ, చెప్పకు,” వకీలు రెండు చేతులూ ఎత్తాడు. నవ్వు ఆపుకుంటున్నాడో, తల పట్టుకోబోతున్నాడో తెలియడం లేదు. మొదటి కాగితం నుంచి మళ్ళీ చదవాలన్నాడు. ఆ సంతకాలు పనికిరావు, ఫైల్లో ఇంకో జత కాగితాలున్నాయి. ఈసారీ వకీలే చదువుతాడు, రింకి బదులు మాస్టారు విని తెలుగులో చెబుతారు. “మళ్ళీ మొదట్నించా! ఆ గొట్టాల కాయితం కూడానా!” అంది నాగవల్లి. అమ్మమ్మ మంచం దిగింది. పట్టుచీర గరగరలాడింది. రింకి కదలలేదు, ఇందాక ఉండొచ్చు అన్న మాట ఎక్కడ కూర్చుందో అక్కడి నుంచి లేచి పోతున్నట్టుంది, లోపల ఖాళీగా, చల్లగా, గోడకు వీపు ఆన్చినట్టు. అమ్మమ్మ భుజం పట్టుకుని గుమ్మం దాకా నడిపించింది. తలుపు తెరుచుకోగానే ఎండ మొహాన కొట్టింది.

అరుగు మీద మావయ్య తలెత్తి చూశాడు. “ఓలమ్మ, నిన్ను కూడా గెంటీసేరేటే?” అని నవ్వి, పక్కకు జరిగి, చోటు చూపించాడు. “రా, మాతో కూకో.”

రింకి గుమ్మం దాటి వెనక్కి తిరిగింది. అమ్మమ్మ తనకేసే చూస్తోంది. మాట్లాడితే ఏమైనా బయటపడిపోతుందన్నట్టు పెదవులు బిగించుకుని ఉంది.

“సూస్తావేటే. నాను పిలిసిందాకా రాకు,” అని, మోకాలితో తలుపు పైకెత్తి, మెల్లగా, రింకి మొహం మీదే మూసేసింది.